రెండు కళ్ల నాగలి కోసం వునిమోలి దాకా

మా అక్క నాగమ్మ ఫోను చేస్తే ముందు వాన సంగతి చెబుతుంది, తరువాత కోళ్ల సంగతి, ఆ తరువాతే మనుషుల సంగతి. ఆ రోజు వాన ఊసే ఎత్తలేదు.

"చెల్లీ, నువ్వు రావాల. నాన్న నాగలి చూసి చెప్పాల," అంది.

అక్కది సముద్రానికి అవతలి పక్క దీవి, లంబాసా దగ్గర వునిమోలి. చెరకు భూమి. లీజు అయిపోయింది, పెట్టె బేడా సర్దుకుని ఇవతలి దీవిలో మా బా ఊరికి, నా ఇంటి పక్క చిన్న ఇంటికి వచ్చేస్తోంది. కొడుకు సత్తికి నాడీలో ఒక హోటల్లో తోటపని దొరికింది. అన్నీ సర్దారు గానీ పాకలో ఉన్న ఇనప నాగలి దగ్గర తల్లీకొడుకులకి పేచీ వచ్చింది. "తాతదే అయితే ఓడ మీద మోసుకొస్తాను, కాకపోతే పాత ఇనుమే, ఇక్కడే వదిలేస్తాను," అన్నాడట సత్తి, అది వాళ్ల నాన్న ఎక్కడో కొన్నదేమోనని. నాన్నదేనని అక్క. కానీ నాన్న ఆ నాగలి కొన్నది అక్క పెళ్లయి వెళ్లిపోయాక. దాన్ని మా ఇంట్లో దగ్గరగా చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.

అది ఎద్దులు లాగే నాగలి కాదు, ట్రాక్టరు వెనక కొక్కేనికి తగిలించి లాగేది. దానికి సొంత చక్రాలుంటాయి, ముందు నేలను కోసే గుండ్రటి ఇనప పళ్లెం, వెనక మట్టిని తిరగేసే రెక్కలు. ట్రాక్టరు మీంచి తాడు ఒకసారి లాగితే దాని చక్రమే దాన్ని నేల మీంచి పైకెత్తుకుంటుంది. ఇంకోసారి లాగితే మళ్లీ మట్టిలో దిగుతుంది. చిన్నప్పుడు నాకది మాట వినే జంతువులా ఉండేది. మా దీవులకి స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో నాన్న కొత్త ట్రాక్టరూ, దాని వీపునే అతుక్కుని ఉండే నాగలీ కొని, ఈ పాతదాన్ని లౌటోకాలో ఓడెక్కించి మా బావకి పంపాడు.

నతోవి రేవు

బాలో బస్సెక్కితే రాకిరాకి మీదుగా సముద్రం ఒక పక్క, కొండలు ఒక పక్క. నాకు బస్సులో నిద్ర రాదు, మెలకువా ఉండదు. ఆ రెంటి మధ్యలో ఏదో ఉంటుందే, అందులో కూచుని రేవు దాకా వెళ్లాను. రేవు దగ్గర బంగాళదుంప కూర చుట్టిన రోటీ పార్సిలు డాలరు. మా బాలో అదే డాలరుకి రెండిస్తారు. అడిగితే అమ్మే పిల్ల, "ఇక్కడ సముద్రం చూస్తా తింటావు కదా ఆంటీ," అంది. కొనుక్కున్నాను.

ఓడలో నా చేసంచీలోని మామిడికాయ పచ్చడి సీసా మూత వదులై, నూనంతా అక్క కోసం తెచ్చిన కొత్త చీరకి పట్టింది. ఎవరికీ తెలియకూడదని సంచీని కాళ్ల కింద దాచుకున్నాను గానీ వాసనకి కాళ్లుంటాయి. చాప పరుచుకుని పడుకున్న ఒక కైవీతి ఆవిడ, ఈ దీవుల మూలవాసి, లేచి కూచుని, ముక్కెగబీల్చి, "బహినీ, ఈ కా మహకే?" అని హిందీలో ఆ వాసనేంటని అడిగింది. పచ్చడని చూపించాను. ఉడికించిన కసావా దుంప ముక్క తీసి అందులో ముంచి తిన్నది. కళ్లలోంచి నీళ్లు కారాయి. "వినాకా, వినాకా," అని తన భాషలో మెచ్చుకుంటూ ఇంకో ముక్క ముంచింది. నాకు కొబ్బరిపాలలో ఉడికిన చేప పెట్టింది. తీరం కనపడకుండా పోయింది. నీళ్ల మీద ఎండ రేకుల్లా విరుగుతూ ఉంటే, ఇదే నీళ్ల మీద నాన్న నాగలి కూడా కుంకుమ పెట్టుకుని, వేపరెమ్మ కట్టుకుని ఒంటరిగా వెళ్లింది కదా అనుకున్నాను.

సెయాంగాంగా మీదుగా

నాబౌవాలులో దిగి మళ్లీ బస్సు. ఎర్రమట్టి, పైన్ చెట్లు, మళ్లీ ఎర్రమట్టి. సెయాంగాంగా అనే చోట కొట్టు ముందు బస్సాగింది. కొత్తగా అడవి నరికి చెరకు వేసిన భూములని మా చిన్నప్పుడు వినేవాళ్లం. ఇప్పుడవీ ముసలి భూములే. ఎక్కడి నుంచో రోటీ కాలుతున్న వాసన వచ్చింది. కిటికీలోంచి తల బయట పెట్టి కాసేపు పీల్చి మళ్లీ లోపల పెట్టుకున్నాను. అప్పటికి అంతే.

లంబాసాలో సత్తి వచ్చి నా సంచీ అందుకుని, "పిన్నీ, పచ్చడి తెచ్చావా, పచ్చడిలో సంచీ తెచ్చావా?" అన్నాడు.

వునిమోలి

మేం బాలో చుట్టం వస్తే ముందు కుర్చీ వేస్తాం. వునిమోలిలో ముందు చెంబుతో నీళ్లిచ్చి, కాళ్లు కడుక్కున్నాకే మాట్లాడతారు. అక్క ఇంకా కట్టెల పొయ్యి మీదే వండుతుంది. ఇంట్లో సామాను చాలావరకు మూటలు కట్టేసి ఉంది. గోడల మీద పటాలు తీసిన చోట తెల్లగా పటాల ఆకారాలు మిగిలాయి. వాటికే దణ్ణం పెట్టుకున్నాను.

అక్క నన్ను టీ కూడా తాగనివ్వకుండా పాకలోకి లాక్కెళ్లింది. నాగలి ఎర్రగా, పెళ్లికూతురులా ఉంది. బావ ఉన్నన్నాళ్లూ దున్నిందట. తరువాత పని లేక నిలబడిపోయింది. దసరాకి పనిముట్లకి పూజ చేస్తాం కదా, అక్క ప్రతి దసరాకీ దానికి ఒక పూత రంగు వేస్తూ వచ్చింది. ఒక ఏడు ఎరుపు, ఒక ఏడు నీలం, డబ్బాలో ఏది మిగిలితే అది. నాగలి లావెక్కిపోయింది. మరలు ఎక్కడున్నాయో కూడా తెలియడం లేదు.

"చెప్పు. నాన్నదేనా?" అంది అక్క.

"రంగు కింద ఎవరున్నారో ఎలా చెప్పేది అక్కా?"

"నువ్వు ఇంతప్పుడు జరిగినవన్నీ చెబుతావు. ఇది చెప్పలేవా?"

చెప్పగలను. అదెలాగో అక్కకి చెప్పాను. నాన్న నాగలికి రెక్కలను పట్టుకునే ఇనప దిమ్మ మీద అంకెలు ఉబ్బెత్తుగా పోతపోసి ఉండేవి. నాకప్పటికి అంకెలు రావు. నాకు తెలిసిందల్లా ఆ వరసలో రెండు గుండ్రాలు పక్కపక్కన ఉండేవని. దసరాకి నాగలికి బొట్టు పెట్టే పని నాది. ఆ రెండు గుండ్రాల్లోనూ రెండు కుంకుమ చుక్కలు పెట్టేదాన్ని. పెట్టగానే నాగలి కళ్లు తెరిచి నన్ను చూసేది. నాన్న నవ్వి, "చూపు వచ్చింది, ఇంక సాలు వంకర పోదు," అనేవాడు.

"అయితే కళ్లు వెతుకు," అంది అక్క.

రంగు కింద

మర్నాడంతా అదే పని. సత్తి కిరసనాయిలు పోసి నానబెట్టాడు, చెరకు కత్తితో గీకాడు, తీగల బ్రష్షుతో తోమాడు. రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఎరుపు కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ. ఒక్కో పెచ్చు ఊడినప్పుడల్లా అక్క, "సత్తీ, ఇది మీ నాన్న పోయిన ఏడు వేసింది," "ఇది తుఫాను ఏడు," అని చెబుతూ కూచుంది. నేను ఆ పెచ్చులు ఒళ్లో పోగుచేసుకున్నాను. ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

మధ్యలో సెమీ వచ్చాడు. ఆ భూమి వాళ్ల తెగదే, లీజు అయిపోయాక వాళ్లకే తిరిగి వెళ్తుంది. సత్తితో కలిసి పెరిగినవాడు, అక్కని కాకీ, అంటే పిన్నీ, అంటాడు. "కాకీ, ఈ హల్ చలీ?" అన్నాడు. ఈ నాగలి నడుస్తుందా అని.

"నడవక? దానికేం, నీకంటే చిన్నది," అంది అక్క.

"అయితే నా ట్రాక్టరుకి కట్టు. ఒక్క సాలు దున్ని చూద్దాం. మీరు వెళ్లకముందే."

సత్తికి ఆ మాట నచ్చింది. బిగిసిపోయిన చక్రానికి డీజిల్ పోసి, సుత్తితో మెల్లగా కొట్టి, తాడు లాగితే పట్టుకునే పళ్లను ఒక్కొక్కటీ విడదీశాడు. పాత తాడు చేతిలోనే పొడైపోయింది. సాయంత్రానికి ఇనప దిమ్మ మీద రంగు ఊడింది. అందరినీ పక్కకి జరగమని నేనే చెయ్యి పెట్టాను. కళ్లు మూసుకుని వేలితో వెతికాను. ఒక గుండ్రం తగిలింది. దాని పక్కన ఇంకో అంకె, నిలువుగా, కర్రలా. అటు తడిమాను, ఇటు తడిమాను. రెండో గుండ్రం లేదు.

అక్క నా మొహం చూసింది. "ఒక కన్ను అరిగిపోయిందేమో," అంది.

"పోత ఇనుం అక్కా. అరగదు."

"అయితే అబద్ధం చెప్పొచ్చు కదే," అని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పేచీ సత్తి గెలిచాడు గానీ గెలిచిన మొహం కాదది.

నాగలి వచ్చిన రోజు సంగతి అప్పుడు అడిగాను. అక్క చెప్పింది. లంబాసా రేవుకి బావ వెళ్లాడు. ఆ నాగలిని బావ అంతకుముందు చూసింది లేదు. "కుంకుమ పెట్టి వేపరెమ్మ కట్టి పంపుతున్నాం, చూసి తెచ్చుకో," అని నాన్న కబురు చేశాడు. రేవులో బావ లాగే నాగలి కోసం వచ్చిన ఇంకో తెలుగాయన ఉన్నాడు, అప్పల్సామి, సెయాంగాంగాలో కొత్త భూమి దొరికినవాడు. ఇద్దరూ తెలుగు మాట విని మురిసిపోయారు. టీ తాగారు. ఒకరి నాగలి ఒకరు లారీకెత్తి సాయం చేసుకున్నారు.

"అతని నాగలికి ఏం గుర్తు?" అన్నాను.

అక్క మెల్లగా, "కుంకుమ. దానికీ కుంకుమే పెట్టి, వేపరెమ్మే కట్టి ఉందని మీ బావ చెప్పాడు. మనవాళ్లంతా ఒక్కలాగే పంపుతారు అని నవ్వుకున్నారంట. వేపరెమ్మ పచ్చగా ఉన్నది మనదని మీ బావ తెచ్చాడు," అంది.

అప్పల్సామి ఇల్లు

అప్పల్సామి ఇంకా ఉన్నాడు. బావ పోయినప్పుడు వచ్చి వెళ్లాడట. మర్నాడు, నాగలికి ఇంకో పని మిగిలిందని సత్తి ఉండిపోతే, సెమీ లారీలో ముగ్గురం వెళ్లాం. అదే కొట్టు, అదే ఎర్రమట్టి. కొండ తిరిగాక రేకుల ఇల్లు. నడుం వంగిన పెద్దాయన గుమ్మంలోనే, "వునిమోలి చెల్లెమ్మా! రా, రా. కాళ్లు కడుక్కో," అన్నాడు. కోడలు రోటీలు కాలుస్తోంది. బస్సు కిటికీలోంచి నేను పీల్చిన వాసన ఇదే.

పళ్లెంలో రోటీలు, పచ్చి కొబ్బరి చట్నీ, రౌరౌ ఆకుకూర పెట్టారు. మొదటి రోటీ తుంచబోయి ఆగాను. నడిమధ్యలో నాణెమంత గుండ్రటి తెల్లటి మచ్చ. రెండో రోటీకీ అంతే. కోడలు సిగ్గుపడి, "పెనం అలాంటిది ఆంటీ. నడుమ కన్నం ఉంటే మామ అతుకు వేయించాడు. అక్కడ సరిగా కాలదు," అంది.

లేచి పొయ్యి దగ్గరికి వెళ్లాను. నున్నగా, నల్లగా, అంచు పలచగా ఉన్న ఇనప పళ్లెం. నేల కోసే పళ్లెం. కన్నం ఇరుసుది. వంటింటి తలుపు మూసుకోకుండా అడ్డంగా ఒక ఇనప దిమ్మ పెట్టి ఉంది. అక్కడే కింద కూచున్నాను. మసి కింద వేలు పెట్టాను.

రెండు కళ్లు.

"అక్కా," అన్నాను. అక్క వచ్చి నా పక్కన కూచుని తనూ తడిమింది. ఇద్దరు ఆడవాళ్లు తలుపు దగ్గర కూచుని ఇనుముని నిమురుతూ ఏడుస్తుంటే ఆ కోడలు రోటీ మాడబెట్టింది.

సంగతంతా విని అప్పల్సామి తన వైపు సంగతి చెప్పాడు. మా నాన్న నాగలి మొదటి రెండేళ్లలోనే మొద్దులకి తగిలి దూలం విరిగిందట. చక్రం పందిరికి బరువైంది, రెక్కలు చూరు నీళ్లకి దోనెలయ్యాయి, పళ్లెం పెనమైంది.

"మా నాయన సింగతోకాలో ఉండేవాడు," అన్నాడు. "ఇంట్లో రెండు నాగళ్లు. మంచిది తమ్ముడికి ఉంచి, అరిగిపోయింది నాకు పంపాడనుకున్నాను. విరిగిన రోజు నుంచి నేను మా నాయనతో సరిగా మాట్లాడలా. పోయేముందు చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా, నాగలి ఎలా ఉంది అని అడిగాడు. బాగానే ఉంది అన్నాను. మొహం చూడకుండా అన్నాను."

"అంటే మా నాన్న పంపింది అరిగిపోయిందంటావా అన్నా?" అంది అక్క. కన్నీళ్లు ఇంకా ఆరలేదు, అయినా ఊరుకోలేదు.

"మొద్దులు చెల్లెమ్మా, మొద్దులు! అడవి మొద్దులకి దేవుడి నాగలైనా నిలబడదు." తరువాత నావైపు తిరిగి, "మరి అది, నాది, ఇంకా ఉందా? నిలబడి ఉందా?" అన్నాడు.

"నిలబడి ఉంది," అని అక్కే చెప్పింది. "రంగు కూడా వేశాను."

ఒక్క సాలు

అప్పల్సామిని మాతోనే తెచ్చాం. మేం వచ్చేసరికి సత్తి రెక్కలకి నీలం రంగు వేసి ఆరబెట్టాడు. పెద్దాయన వస్తే చూస్తాడు కదా, అందంగా ఉండాలని. ట్రాక్టరు కదిలింది, నాగలి దిగింది, మట్టి రెక్క మీద నుంచి జారకుండా ఉప్మాలా ముద్దకట్టి అక్కడే కూచుంది. సెమీ ట్రాక్టరు మీద పొట్ట పట్టుకుని నవ్వాడు. "సత్తీ, నాగలికి లిప్‌స్టిక్ వేస్తే ఎలా తింటుంది?"

మట్టి తిరగబడేది నున్నటి ఒట్టి ఇనుము మీదనే. రంగు మీద అంటుకుంటుంది. నలుగురం కూచుని కొబ్బరి పీచు, ఇసుక, ఇటుక ముక్కతో ఆ రెక్కలు తోమాం. అప్పల్సామి కూడా. తోమగా తోమగా ఇనుము తెల్లబడి, అందులో ఆకాశం కనపడింది.

అక్క ఆ ఒక్క గుండ్రంలో కుంకుమ చుక్క పెట్టింది. కొత్త తాడు పొడవుగా వదిలి, కొస అప్పల్సామి చేతికిచ్చాం. సెమీ మెల్లగా నడిపాడు. పెద్దాయన గట్టున పక్కనే నడుస్తూ తాడు లాగాడు. నాగలి ఒక్కసారి ఊపిరి వదిలినట్టు దిగింది. మట్టి రెక్క మీదికి ఎక్కి, మెరిసి, తిరగబడి పక్కన పడుకుంది. మళ్లీ ఎక్కింది, మళ్లీ పడుకుంది. చెరకు తీసేసిన ఆ ఖాళీ మడి పొడుగునా నల్లటి పాపిట. మైనాలు దిగి వెనకే నడిచాయి. మేం కూడా నడిచాం, పెళ్లి ఊరేగింపు వెనక నడిచినట్టు, చెప్పులు చేత్తో పట్టుకుని. మట్టి చల్లగా ఉంది. ఎవరూ తొందరపడలేదు. ఆ మడి చివర రాకుండా ఉంటే బాగుండునని నాకనిపించింది, అక్కకీ అనిపించే ఉంటుంది.

చివర వచ్చింది. అప్పల్సామి తాడు లాగాడు. నాగలి చక్రం పట్టుకుని లేచి నిలబడింది. ఆయన దాని దూలం మీద చెయ్యి వేసి, తెలుగులో, చాలా మామూలుగా, "బాగానే ఉంది నాయనా," అన్నాడు.

సత్తి నావైపు చూశాడు. మోసుకెళ్లే మాట ఇంక ఎవరూ ఎత్తలేదు. అక్కే సెమీతో, "నీ లారీ ఖాళీయేనా? సెయాంగాంగా దాకా వెళ్లాల," అంది.

అప్పల్సామి లీజు ఇంకా ఉంది, కొడుకుకి భూమీ ఉంది. నాగలి ఎక్కిస్తుంటే అక్క రంగు డబ్బా కూడా ఎక్కించి, "దసరాకి వెయ్యండి. రెక్కలకి మాత్రం వద్దు," అని చెప్పింది.

మళ్లీ బా

వచ్చేటప్పుడు ఓడలో మా కాళ్ల దగ్గర గోనెసంచీలో ఇనప పళ్లెం, ఇనప దిమ్మ. వద్దన్నా అప్పల్సామి కోడలు ఇచ్చేసింది, "మాకు లంబాసాలో కొత్త పెనం దొరుకుతుంది," అంటూ. సంచీ ఎత్తిన ఓడ కుర్రాడు, "ఆంటీ, ఇందులో ఏముంది, లంగరా?" అన్నాడు. అక్క ఔనంది.

ఇప్పుడు అక్క నా పక్కింట్లోనే ఉంది. దిమ్మ తన వంటింటి తలుపుకి అడ్డం. మొన్న దసరాకి దానికి బొట్టు పెట్టమని నన్నే పిలిచింది. రెండు గుండ్రాల్లో రెండు చుక్కలు పెట్టాను. మోకాళ్లు నొప్పి పుట్టినా కాసేపు దాని ఎదురుగానే కూచున్నాను.

అక్క ఆ పళ్లెం మీద కాల్చిన రోటీలు వీధంతా పంచుతుంది. అన్నిటికీ నడుమ ఆ తెల్ల మచ్చ. పక్కింటి కొత్త కోడలు ఒకరోజు పాపం, ఉండబట్టలేక, "పెద్దమ్మా, మీకు రోటీ నడుమ కాల్చడం రాదా?" అని అడిగేసింది.

అక్క ఇంకోటి పెనం మీద వేస్తూ, "మా నాన్నకి రాదు," అంది.